లాగ్‌లో ‘సెంట్’ అని ఉంది, ఇన్‌బాక్స్‌లో మాత్రం లేదు

గుణుపురం నుంచి ఒకాయన అడిగిన ప్రశ్న ఇది. ఆయన రెండు ప్రైవేటు స్కూళ్ళ ఆఫీసులో కంప్యూటర్లు చూసుకుంటారు. స్కూలు డొమైన్ మెయిల్ అంతా గూగుల్ దగ్గర ఉంది. ఆఫీసులో ఒక ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) సర్వర్, అందులో మెయిల్ పంపి పంచే పోస్ట్‌ఫిక్స్, వచ్చిన మెయిల్‌ని చదవడానికి అందించే డవ్‌కాట్. ఫీజు రసీదులు పంపేది ఆ సర్వరే. తల్లిదండ్రుల జీమెయిల్‌కి రసీదు చక్కగా వెళ్తోంది. అదే రసీదు కాపీ ప్రిన్సిపాల్ గారి స్కూలు అడ్రస్‌కి పంపితే మాత్రం ‘అన్‌నోన్ యూజర్’ అని తిరిగొస్తోంది. ఇంకో గొడవ కూడా ఉంది. సర్వర్‌లోనే అకౌంట్లున్న ఇద్దరు క్లర్కులకి వచ్చే మెయిల్స్ లాగ్‌లో (సర్వర్ రాసుకునే చిట్టాలో) ‘సెంట్’ అని పడుతున్నాయి, మెయిల్ చదివే థండర్‌బర్డ్ తెరిస్తే ఇన్‌బాక్స్ ఖాళీ. వారం నుంచి టెన్షన్‌గా ఉంది, సర్వర్ ఫార్మాట్ కొట్టేసి మళ్ళీ మొదలుపెట్టమంటారా అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. ఫార్మాట్ అక్కర్లేదు. ఇవి రెండూ వేర్వేరు తప్పులు, కలిపి నాలుగైదు లైన్ల పని. మొదటిదాంట్లో మీ సర్వర్ స్కూలు డొమైన్ తనదే అనుకుంటోంది. మైడెస్టినేషన్ అంటే పోస్ట్‌ఫిక్స్ తనవే అనుకునే డొమైన్ల జాబితా, అందులోంచి ఆ డొమైన్‌ని తీసేస్తే సరిపోతుంది. రెండోదాంట్లో పోస్ట్‌ఫిక్స్ మెయిల్‌ని ఒక చోట పెడుతుంటే డవ్‌కాట్ ఇంకో చోట వెతుకుతోంది. ఇద్దరికీ ఒకే చోటు చూపించాలి.

కమాండ్లు, ఫైళ్ళ పేర్లు తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్నక్షరాల్లో కొట్టండి, పెద్దక్షరాలు కావలసిన చోట చెబుతాను. అండర్‌స్కోర్, హైఫన్ ఎక్కడ రాశానో అక్కడే ఉండాలి.

ఏదీ ముట్టుకోకముందు ఒక పని చేయండి. పోస్ట్‌ఫిక్స్ సెట్టింగుల ఫైల్ మెయిన్.సీఎఫ్‌లో సాఫ్ట్_బౌన్స్ = యెస్ అని పెట్టి, పోస్ట్‌ఫిక్స్ రీలోడ్ కొట్టండి. మీరు చేసే మార్పుల్లో పొరపాటు దొర్లినా మెయిల్ వెంటనే తిరిగిపోదు, క్యూలో ఆగుతుంది. క్యూలో ఉన్న మెయిల్‌ని ఎప్పుడైనా మళ్ళీ పంపుకోవచ్చు, తిరిగెళ్ళిపోయినదాన్ని మాత్రం వెనక్కి తెచ్చుకోలేం. పనంతా అయ్యాక ఆ లైను తీసేయడం మర్చిపోకండి. ఉంచేస్తే తప్పు అడ్రస్‌లకి పంపిన చెత్త అంతా 5 రోజులు క్యూలోనే తిరుగుతుంది.

ఇప్పుడు మొదటి గొడవ. మేం పర్లాకిమిడిలో ఉంటాం. ఇక్కడి నుంచి పాతపట్నం ఆటోలో వెళ్ళేంత దూరం. అయినా ఉత్తరం మీద పిన్ 7తో మొదలైతే ఇటు, 5తో మొదలైతే ఆంధ్ర వైపు. సార్టింగ్‌లో కూర్చున్నతను ముందు చూసేది ఆ అంకె. ఇంటి పేరు, వీధి పేరు చూడడం ఆ తర్వాతి సంగతి. పోస్ట్‌ఫిక్స్ చేసేదీ ఇదే. అడ్రస్‌లో ఎట్ గుర్తు తర్వాత ఉన్న డొమైన్‌ని ముందు చూస్తుంది. అది మైడెస్టినేషన్‌లో ఉంటే ‘ఇది నా ఊరిదే’ అనుకుని డీఎన్ఎస్‌లో (ఇంటర్నెట్ పేర్ల చిరునామా పుస్తకంలో) ఎమ్ఎక్స్, అంటే ఆ డొమైన్ మెయిల్ ఏ సర్వర్‌కి ఇవ్వాలో చెప్పే లైను, ఎటు చూపిస్తోందో అసలు అడగదు. నేరుగా సర్వర్‌లోని యూజర్ల జాబితాలో, ఏలియాస్‌లలో (మారుపేర్లలో) వెతుకుతుంది. ప్రిన్సిపాల్ అనే పేరుతో లినక్స్ యూజర్ లేడు కాబట్టి తిప్పి కొడుతుంది. మీ మెయిల్ గూగుల్ గుమ్మం దాకా వెళ్ళనే లేదు. జీమెయిల్ డొమైన్ మీ జాబితాలో లేదు కాబట్టి ఆ రసీదులు మాత్రం బయటికి పోతున్నాయి.

ఇది నా ఊహ కాదని మీ సర్వర్ లాగ్ చెబుతుంది. ఆ తిరిగొచ్చిన మెయిల్ లైనులో ‘రిలే=’ దగ్గర చూడండి. అక్కడ ‘లోకల్’ అని ఉంటుంది. గూగుల్ సర్వర్ పేరు ఉంటే తప్పు అటువైపు, లోకల్ అని ఉంటే తప్పు మన ఇంట్లోనే. మీ ఫీజు సాఫ్ట్‌వేర్ సెండ్‌మెయిల్ కమాండ్ ద్వారా ఇస్తోంది కాబట్టి ‘అన్‌నోన్ యూజర్’ అని వచ్చింది. పోర్ట్ 25 ద్వారా ఇచ్చి ఉంటే ఇదే జబ్బు ‘యూజర్ అన్‌నోన్ ఇన్ లోకల్ రెసిపియెంట్ టేబుల్’ అని, 550 కోడ్‌తో కనిపించేది. రెండు మాటలకీ మూలం ఒకటే.

మీ జాబితాలో ఏముందో చూడడానికి పోస్ట్‌కాన్ఫ్ -ఎక్స్ మైడెస్టినేషన్ కొట్టండి. ఆ -ఎక్స్ ముఖ్యం. నేనొకసారి ఒక కాలేజీ సర్వర్‌లో ఇదే గొడవ మీద అరపూట కూర్చున్నాను. జాబితాలోంచి డొమైన్ తీసేశాను, రీలోడ్ చేశాను, అయినా అదే బౌన్స్. టీ తాగొచ్చి చూస్తే తెలిసింది. జాబితాలో డాలర్ గుర్తుతో మైహోస్ట్‌నేమ్ (సర్వర్ సొంత పేరు) అని ఉంది, ఇన్‌స్టాల్ చేసిన రోజు ఎవరో మైహోస్ట్‌నేమ్‌కే ఉత్త డొమైన్ పేరు ఇచ్చేశారు. ముందు గుమ్మంలోంచి పంపేసినవాడు పెరటి గుమ్మంలోంచి మళ్ళీ లోపలికొచ్చాడన్నమాట. -ఎక్స్ పెడితే డాలర్ గుర్తులన్నీ విడిపోయి అసలు పేర్లు కనిపిస్తాయి.

మీదీ అదే అయితే మైహోస్ట్‌నేమ్‌ని ఆఫీస్ డాట్ మీడొమైన్ అన్నట్టు మార్చండి. మైడెస్టినేషన్‌లో ఆ పేరు, లోకల్‌హోస్ట్, ఈ రెండే ఉంచండి. క్లర్కుల అడ్రస్‌లు ఇకమీదట ఆ ఆఫీస్ పేరుతో ఉంటాయి.

ఇక్కడే ఇంకో గుంట ఉంది, చాలామంది అందులో పడతారు. ఉబుంటులో ఈటీసీ కింద మెయిల్‌నేమ్ అని ఒక ఫైల్ ఉంటుంది. అందులో ఉత్త డొమైన్ పేరు ఉండి, మైఆరిజిన్ దాన్నే చూపిస్తుంటే, ఎట్ గుర్తు లేకుండా రూట్‌కో క్లర్కుకో పంపిన ప్రతి మెయిల్ వెనకా స్కూలు డొమైన్ అతుక్కుంటుంది. మైడెస్టినేషన్ సరిచేశాక అవన్నీ గూగుల్‌కి బయల్దేరతాయి, అక్కడ ఆ పేరుతో ఎవరూ లేక తిరిగొస్తాయి. క్రాన్ (వేళకి వాటంతటవే నడిచే పనుల) రిపోర్టులు రావడం ఆగిపోతే అనుమానించాల్సింది దీన్నే. మెయిల్‌నేమ్ ఫైల్‌లో కూడా ఆఫీస్ పేరే రాయండి. రసీదుల మీద పంపేవాడి అడ్రస్ మాత్రం సాఫ్ట్‌వేర్‌లో స్కూలు డొమైన్‌తోనే ఉంచండి. దాని పేరు మీదే ఎస్పీఎఫ్ రికార్డ్ (ఆ డొమైన్ పేరుతో ఏ సర్వర్లు మెయిల్ పంపొచ్చో చెప్పే జాబితా) ఉంటుంది. గూగుల్ 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్‌కి పంపే ప్రతివాళ్ళకీ ఎస్పీఎఫ్ గానీ డీకిమ్ (మెయిల్ మీద వేసే డిజిటల్ సంతకం) గానీ ఉండి తీరాలంటోంది. మీ సర్వర్ ఐపీ ఆ రికార్డ్‌లో ఉందో లేదో ఒకసారి చూసుకోండి.

రిలేహోస్ట్ (బయటికెళ్ళే మెయిల్‌ని వేరే సర్వర్ ద్వారా పంపించే సెట్టింగ్) జోలికి మాత్రం వెళ్ళకండి. జీమెయిల్‌కి మెయిల్ పోతోందంటే బయటికెళ్ళే దారి బాగానే ఉంది.

కొందరు ఒక సలహా ఇస్తారు: డొమైన్‌ని అలాగే ఉంచి, లూజర్_రిలే (లేని పేర్లకి వచ్చిన మెయిల్‌ని ఒక అడ్రస్‌కి మళ్ళించేది) పెట్టి, లోకల్_రెసిపియెంట్_మ్యాప్స్ (సర్వర్‌లో ఏ పేర్లు ఉన్నాయో చూసే జాబితా) ఖాళీ చేసేయమని. పని అవుతుంది, నేనూ కాదనను. కానీ అప్పుడు ఏ పేరుకి మెయిల్ వచ్చినా మీ సర్వర్ ‘రండి రండి’ అంటుంది. పోర్ట్ 25 బయటికి తెరిచి ఉంటే లోకంలోని స్పామ్ అంతా మీ ఇంటికే. నేనైతే చేయను. క్లర్కుల పాత స్కూలు అడ్రస్‌లు కూడా పనిచేయాలనుకుంటే వర్చువల్_ఏలియాస్_మ్యాప్స్‌లో ఒక్కో లైను రాయండి: ఎడమవైపు స్కూలు అడ్రస్, కుడివైపు ఆఫీస్ అడ్రస్. వర్చువల్ ఏలియాస్ అన్ని అడ్రస్‌లకీ వర్తిస్తుంది, డొమైన్ మైడెస్టినేషన్‌లో ఉండాల్సిన పనిలేదు. అయితే ఇది మీ సర్వర్ గుండా వెళ్ళే మెయిల్‌కి మాత్రమే. బయటివాళ్ళు పంపేవి ముందు గూగుల్‌కే చేరతాయి కాబట్టి అక్కడ కూడా ఆ పేర్లు ఉండాలి.

ఇక రెండో గొడవ, ‘సెంట్’ అని ఉండి కనబడని మెయిల్. నాకు దీని మీదే ఎక్కువ మోజు. ఎందుకంటే ఇక్కడ ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. పోస్ట్‌ఫిక్స్ పెట్టానంటోంది, నిజంగానే పెట్టింది. డవ్‌కాట్ ఏమీ లేదంటోంది, తను చూసిన చోట నిజంగానే లేదు.

పోస్ట్‌ఫిక్స్‌ని వీట్సే వెనెమా ఐబీఎంలో ఉండగా రాశారు, 1998లో బయటికొచ్చింది. ఒక్క పెద్ద ప్రోగ్రామ్‌గా కాకుండా చిన్న చిన్న ప్రోగ్రామ్‌లుగా విడగొట్టి రాశారు. అందుకే లాగ్‌లో ప్రతి లైను ముందూ ఎవరు మాట్లాడుతున్నారో పేరు ఉంటుంది: పికప్, క్లీనప్, క్యూఎంజీఆర్, లోకల్, ఎస్ఎంటీపీ. ఒక మెయిల్‌కి వచ్చిన క్యూ ఐడీ పట్టుకుని గ్రెప్ (ఫైల్‌లో వెతికే కమాండ్) చేస్తే ఆ మెయిల్ ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి వెళ్ళిందో వరసగా కనిపిస్తుంది. చివరి లైనులో ‘స్టేటస్=సెంట్’ తర్వాత బ్రాకెట్‌లో ఒక చిన్న మాట ఉంటుంది. జనం ‘సెంట్’ దగ్గరే చదవడం ఆపేస్తారు. అసలు సమాధానం ఆ బ్రాకెట్‌లోనే ఉంది.

‘డెలివర్డ్ టు మెయిల్‌బాక్స్’ అని ఉంటే వార్ కింద మెయిల్ అనే డైరెక్టరీలో, యూజర్ పేరుతో ఉన్న ఒకే ఒక్క పెద్ద ఫైల్ చివర మెయిల్‌ని అతికించింది. ‘డెలివర్డ్ టు మెయిల్‌డిర్’ అని ఉంటే యూజర్ హోమ్‌లోని మెయిల్‌డిర్ ఫోల్డర్‌లో విడి ఫైల్‌గా పెట్టింది. ‘డెలివర్డ్ టు కమాండ్’ అని ఉంటే ప్రోక్‌మెయిల్ లాంటి వేరే ప్రోగ్రామ్ చేతికి ఇచ్చేసింది, ఆ తర్వాత ఏమైందో దాన్నే అడగాలి. 250తో మొదలై చివర ‘సేవ్డ్’ అని ఉంటే ఎల్ఎంటీపీ (మెయిల్‌ని చేతులు మార్చే ఒక పద్ధతి) ద్వారా డవ్‌కాట్‌కే అప్పగించింది.

మీరు పంపిన లైనులో ‘డెలివర్డ్ టు మెయిల్‌బాక్స్’ అని ఉంది. ఇప్పుడు డవ్‌కాన్ఫ్ -ఎన్ కొట్టి మెయిల్_లొకేషన్ ఎటు చూపిస్తోందో చూడండి. మెయిల్‌డిర్ అని ఉంటుందని నా పందెం. ఉబుంటు ప్యాకేజీలో డవ్‌కాట్ మొదట వార్ మెయిల్ వైపే చూస్తుంది, అంటే ఏమీ ముట్టుకోకపోతే ఇద్దరికీ పొసుగుతుంది. ఎవరో వీడియో చూసి డవ్‌కాట్ సగం మార్చి, పోస్ట్‌ఫిక్స్ సగం దగ్గరికొచ్చేసరికి లేచి వెళ్ళిపోతారు. నేను చూసిన ఇలాంటి కేసుల్లో ఎక్కువ ఇదే. మీది డవ్‌కాట్ 2.4 అయితే మెయిల్_లొకేషన్ అనే మాటే ఉండదు, దాని బదులు మెయిల్_డ్రైవర్, మెయిల్_పాత్ అని రెండుంటాయి. పాత వీడియోలో చెప్పింది ఇందులో పెడితే డవ్‌కాట్ లేవదు.

సరిచేయడానికి పోస్ట్‌ఫిక్స్‌లో హోమ్_మెయిల్‌బాక్స్ = మెయిల్‌డిర్/ అని పెట్టండి. మెయిల్‌డిర్‌లో మొదటి ఎమ్ మామూలుగా పెద్దక్షరం, డవ్‌కాట్‌లో ఎలా ఉందో ఇక్కడా అలాగే ఉండాలి. చివర ఆ స్లాష్ ఉండాలి. స్లాష్ లేకపోతే అదే పేరుతో ఒక ఫైల్ సృష్టించి అందులో అతికిస్తుంది, అప్పుడు డవ్‌కాట్ ఫోల్డర్ అనుకుని వెళ్ళి ఫైల్‌కి గుద్దుకుంటుంది. నవ్వులాట కాదు, ఇదీ చూశాను.

పెట్టాక కూడా మారకపోతే మెయిల్‌బాక్స్_కమాండ్ అనే లైను ఉందేమో చూడండి. సర్వర్‌లో ప్రోక్‌మెయిల్ ఉన్నప్పుడు ఉబుంటు ఇన్‌స్టాల్ సమయంలో దాన్ని పెట్టేస్తుంది. లోకల్ డెలివరీలో ఒక వరస ఉంది: ఏలియాస్ ముందు, తర్వాత డాట్ ఫార్వర్డ్ ఫైల్, తర్వాత మెయిల్‌బాక్స్_ట్రాన్స్‌పోర్ట్, తర్వాత మెయిల్‌బాక్స్_కమాండ్, ఆ తర్వాతే హోమ్_మెయిల్‌బాక్స్. పైవాడు ఉంటే కిందివాడి మాట చెల్లదు. మన ఇళ్ళలో పెద్దల వరస లాగే. కాబట్టి మెయిల్‌బాక్స్_కమాండ్‌ని ఖాళీ చేసి రీలోడ్ చేయండి.

పాత మెయిల్స్ ఏమయ్యాయని కంగారు పడకండి. వార్ మెయిల్‌లో ఆ క్లర్కుల పేర్లతో ఉన్న ఫైళ్ళలో అన్నీ భద్రంగా ఉన్నాయి. ముందు ఆ ఫైళ్ళకి కాపీ తీసుకోండి. డవ్‌కాట్‌లో డవ్‌అడ్మ్ ఇంపోర్ట్ అనే కమాండ్ ఉంది, పాత ఫైల్‌ని ఎమ్‌బాక్స్‌గా (మెయిల్స్ అన్నీ ఒకే ఫైల్‌లో ఉండే రకంగా) చూపిస్తే అందులోని మెయిల్స్‌ని కొత్త చోటికి తెచ్చి పెడుతుంది. ఒక క్లర్కు మీద చేసి చూసి, బాగుంటే రెండోవారికి చేయండి.

రెండూ సరిచేశాక పరీక్షకి సెండ్‌మెయిల్ -బీవీ అని రాసి పక్కన ప్రిన్సిపాల్ గారి అడ్రస్ ఇవ్వండి. అది ఉత్తరం పంపదు. పంపితే ఎటు పోతుందో కనుక్కుని మీకు ఒక రిపోర్ట్ మెయిల్ చేస్తుంది. (ఆ రిపోర్ట్ మీ లోకల్ ఇన్‌బాక్స్‌కే వస్తుంది. మెయిల్ కనబడట్లేదన్న వ్యక్తికి ఈ సలహా ఇచ్చి, రిపోర్ట్ రాలేదేంటి అని ఇద్దరం గంటసేపు ఫోన్లో వాదించుకున్నాం. తొందరగా కావాలంటే లాగ్‌లో చూసుకోండి.)

క్యూలో ఆగినవి ఉంటే పోస్ట్‌సూపర్ -ఆర్ ఆల్ కొట్టండి, ఇందులో ఆల్ మాత్రం పెద్దక్షరాల్లో ఉండాలి. ఉత్త ఫ్లష్ కొడితే పాత అడ్రస్‌తోనే మళ్ళీ ప్రయత్నిస్తుంది. -ఆర్ అయితే మెయిల్‌ని మళ్ళీ మొదటి నుంచి నడిపిస్తుంది, కొత్తగా రాసిన ఏలియాస్‌లు వర్తిస్తాయి. ఇక్కడ వేలు జారకూడదు. -ఆర్ బదులు -డీ కొడితే మొత్తం క్యూ ఊడ్చుకుపోతుంది, ‘ఖాయమా’ అని కూడా అడగదు. పని నేర్చుకునే రోజుల్లో నేను కొట్టాను. అడ్మిషన్ల కాలం. ఏ మెయిల్స్ పోయాయో లాగ్‌లోంచి ఒక్కో అడ్రస్ ఏరి ఆఫీసు వాళ్ళకి జాబితా రాసిచ్చేసరికి రాత్రి పదకొండయింది.

‘డిఫర్డ్’ అని కనబడితే భయపడకండి. ఇప్పుడు కుదరలేదు, మళ్ళీ వస్తానని దాని అర్థం. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లాని ఊడ్చేసింది. కరెంటు లేదు, కేబుల్ తెగింది. జనరేటర్ దొరికాక మొబైల్ హాట్‌స్పాట్‌తో సర్వర్‌ని కలిపాను. రిలేహోస్ట్ పోర్ట్ 587 మీద ఉండబట్టి బయటికి పోతాయనుకున్నాను. అన్నీ డిఫర్డ్, ‘నేమ్ సర్వీస్ ఎర్రర్, ట్రై అగైన్’. సర్వర్ నుంచి పింగ్ కొడితే పేర్లు దొరుకుతున్నాయి, పోస్ట్‌ఫిక్స్‌కి మాత్రం దొరకవు. సంగతేమిటంటే డెబియన్, ఉబుంటుల చాలా వెర్షన్లలో పోస్ట్‌ఫిక్స్‌లోని కొన్ని ప్రోగ్రామ్‌లు క్రూట్‌లో, అంటే గదిలో గడియ పెట్టినట్టు నడుస్తాయి. వాటికి రిజాల్వ్.కాన్ఫ్ (డీఎన్ఎస్ కోసం ఎవరిని అడగాలో రాసి ఉండే ఫైల్) సొంత కాపీ ఒకటి స్పూల్ డైరెక్టరీలో ఉంటుంది. కొత్త లైన్ వచ్చినా ఆ గదిలో పాత కంపెనీ డీఎన్ఎస్ నంబరే ఉంది. రీలోడ్ చాలదు, రీస్టార్ట్ కొడితే కొత్త కాపీ వెళ్ళింది, క్యూ కదిలింది. మన వైపు లైన్లు తరచూ మారుస్తుంటాం కాబట్టి ఇది రాస్తున్నాను. మనకి పంపేవాళ్ళ సర్వర్లు కూడా మామూలుగా నాలుగైదు రోజులు ప్రయత్నిస్తాయి. మాకు కరెంటు అంతకంటే ముందే రావడంతో బయటి మెయిల్స్ చాలావరకు తర్వాత వాటంతటవే వచ్చి పడ్డాయి.

చివరిగా ఒక చిన్న విషయం. అన్నీ సరిచేశాక కూడా ఒక్కరికే ‘అన్‌నోన్ యూజర్’ వస్తుంటే కాన్ఫిగ్ వదిలి స్పెల్లింగ్ చూడండి. మన జిల్లాల్లో పట్నాయక్‌లు చాలామంది. ఇంగ్లీషులో కొందరు ఒక టీతో రాస్తారు, కొందరు రెండు టీలతో. ఒకే ఆఫీసులో రెండు రకాలూ ఉంటారు. నేను ప్రతి సర్వర్‌లోనూ ఏలియాసెస్ ఫైల్‌లో రెండో స్పెల్లింగ్‌కి ఒక లైను రాసి, న్యూఏలియాసెస్ కొట్టి వస్తాను. ఆ ఫైల్‌లో పేరు తర్వాత కోలన్ ఉండాలి. వర్చువల్ ఫైల్‌లో కోలన్ ఉండకూడదు, అది మార్చాక పోస్ట్‌మ్యాప్ కొట్టాలి.

ముందు -ఎక్స్‌తో మైడెస్టినేషన్ చూడండి, తర్వాత డవ్‌కాన్ఫ్. రెండింటి ఫలితాలూ, ఒక కొత్త మెయిల్ చివరి లాగ్ లైనూ ఇక్కడ పెట్టండి. స్కూలు డొమైన్ పేరు, తల్లిదండ్రుల అడ్రస్‌లు చెరిపేసి పెట్టండి. బ్రాకెట్‌లో ఉన్న మాటని మాత్రం చెరపకండి.